ఊరు చెప్తే చాలదా?

వికారాబాద్‌లో రైలెక్కి తాండూరు పోతుంటాను. వారానికి రెండు మూడు సార్లు తప్పని ప్రయాణం. ఎదుటి సీట్లో కూచున్నాయన మాట కలుపుతాడు.

"మీదే ఊరు సార్?"

"తాండూరు."

ఆయన చూపు నా చేతిలో ఉన్న ఉర్దూ పేపర్ మీదికి పోతుంది.

"అది కాదు సార్. అసలు ఊరు?"

"అసలుదీ తాండూరే."

"అంటే, మీ పెద్దలు ఎక్కడ్నించి వచ్చిండ్రు?"

"పెద్దలదీ తాండూరే. వాళ్ల గోరీలు గూడ ఆడనే ఉన్నయ్."

కాసేపు ఊరుకుంటాడు. దిగేముందు మెచ్చుకోలుగా ఒక మాటంటాడు. "ఏమైనా సార్, తెలుగు మంచిగ మాట్లాడుతరు మీరు."

ఆయన చెడ్డవాడేం కాదు. దారిలో కొన్న పల్లీల్లో సగం నా చేతిలో పోశాడు. సిమెంటు ఫ్యాక్టరీలో పనికోసం వేరే జిల్లా నుంచి వచ్చి పదేళ్లయిందట. పదేళ్లకే తాండూరు ఆయనదైపోయింది. నాకది సంతోషమే. ఊరంటే అట్లాగే ఉండాలి. కానీ ఆయన్నెవరూ 'అసలు ఊరు' అడగరు. నన్నడుగుతారు. నా తర్వాత నా పిల్లల్ని అడుగుతారు. ఎన్ని తరాలు పుట్టి ఎన్ని తరాలు మట్టిలో కలిస్తే ఒక ఊరు మాదవుతుందో ఎవరూ చెప్పరు.

ఇది రైల్లో పొద్దుపోక అడిగిన ప్రశ్న అని వదిలేద్దామనుకున్నాను. చాన్నాళ్లు వదిలేశాను కూడా. కానీ ఈ ప్రశ్నే ఆఫీసు కౌంటర్ దగ్గర కాగితమై అడుగుతోంది. చట్టసభలో చట్టమై అడుగుతోంది. అప్పుడు నేను బి.ఏ.లో చదివి మార్కులు తెచ్చుకుని మర్చిపోయిన పాఠాన్ని మళ్లీ తెరిచాను. 'ప్రజాస్వామ్యం పుట్టుక' అనే పాఠం. అది గ్రీసులో పుట్టిందని రాస్తే మార్కులేశారు. ఎవర్ని బయట నిలబెట్టి పుట్టిందో పాఠంలో లేదు, పరీక్షలో అడగలేదు.

ఇప్పుడు అడగాల్సింది అదే.

* * *

ముందు మాటలు చూద్దాం. నేను రెండు భాషల్లో అన్నం తినేవాణ్ని, కాబట్టి నాకు మాటల మీదే ముందు కన్ను పడుతుంది. తెలుగులో పౌరుడు అంటాం. పురంలో ఉండేవాడు పౌరుడు. ఉర్దూలో షహ్రీ అంటాం. షహర్‌లో ఉండేవాడు షహ్రీ. గ్రీకులు పోలితీస్ అన్నారు. పోలిస్ అంటే నగరం, అక్కడివాడు పోలితీస్. ఇంగ్లీషులో సిటిజన్ అన్నా లోపల ఉన్నది సిటీయే. ఏ భాషనడిగినా ఒకటే జవాబు చెప్తోంది. పౌరుడంటే ఒక ఊరివాడు. ఈ మాటల్లో ఎక్కడా నెత్తురు లేదు, మతం లేదు, తాత పేరు లేదు. ఊరు మాత్రమే ఉంది.

మాటలో ఉన్నది మొదట్లో చట్టంలో కూడా ఉండింది. క్రీస్తుకు పూర్వం 508లో ఏథెన్స్‌లో క్లెయిస్థెనీస్ అనే నాయకుడు వచ్చాడు. అప్పటిదాకా ఆ రాజ్యం నాలుగు పెద్ద తెగల కింద, వాటి పెద్ద కుటుంబాల కింద ఉండేది. నువ్వెవరని అడిగితే ఫలానావాడి కొడుకుననీ, ఫలానా వంశమనీ చెప్పుకోవాలి. క్లెయిస్థెనీస్ ఆ పాత తెగల లెక్క పక్కన పెట్టాడు. ఏథెన్స్ చుట్టూ ఉన్న నేలనంతా సుమారు 140 ఊళ్లుగా, వాడలుగా లెక్కగట్టాడు. వాటిని 10 కొత్త తెగల్లో కలిపేశాడు. తెగకు 50 మంది చొప్పున 500 మందితో సభ పెట్టాడు. మనిషిని తండ్రి పేరుతో కాదు, ఊరి పేరుతో పిలవమన్నాడు.

ఎందుకట? ఆయన అప్పటికే ఎందరో పైనుంచి వచ్చినవాళ్లని, విడుదలైన బానిసల్ని పౌరుల్లో కలిపాడు. తండ్రి పేరు అడిగితే వాళ్లు 'కొత్తవాళ్లు' అని బయటపడిపోతుంది. ఊరి పేరు అడిగితే అందరూ ఒకటే. అరిస్టాటిల్ కాలంలో రాసిన ఏథెన్స్ రాజ్యాంగ చరిత్రలో ఈ కారణం స్పష్టంగా ఉంది.

నేనిది చదివి కాసేపు పుస్తకం మూసేశాను. మన దేశంలో ప్రతి దరఖాస్తులోనూ తండ్రి పేరుంటుంది. తెలుగు దేశంలో దాని పక్కన ఇంటిపేరు గడి కూడా ఉంటుంది. ఆ గడిలో మావాళ్లు షేక్ అని రాస్తే ఒక చూపు, సయ్యద్ అని రాస్తే ఒక చూపు, ఖాళీగా వదిలితే ఇంకో చూపు. 2500 ఏళ్ల కింద ఒక మనిషికి అర్థమైన సంగతి మన దరఖాస్తు తయారుచేసినవాళ్లకి అర్థం కాలేదు. లేక బాగానే అర్థమైందేమో!

ప్రజాస్వామ్యం పుట్టిన గది ఇది. 'ఊరు చెప్పు, చాలు' అన్న రోజున పుట్టింది.

* * *

మరి ఎన్నాళ్లు నిలిచింది? 57 ఏళ్లు.

క్రీ.పూ. 451లో పెరిక్లీస్ కొత్త చట్టం తెచ్చాడు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఏథెన్స్ పౌర కుటుంబాలవాళ్లయితేనే బిడ్డ పౌరుడు. ఊరు పోయి నెత్తురు వచ్చింది. మన పాఠ్యపుస్తకాలు 'స్వర్ణయుగం' అని రాసేది ఇదే పెరిక్లీస్ కాలాన్ని.

చట్టం కాగితం మీద ఉన్నన్నాళ్లు అది ఎవరి మెడకు చుట్టుకుంటుందో తెలియదు. కొన్నేళ్లకు ఈజిప్టు రాజు ఏథెన్స్‌కి 40 వేల కొలతల ధాన్యం కానుకగా పంపాడు. పౌరులకు పంచాలి. పంచాలంటే ఎవరు పౌరులో తేల్చాలి. జాబితాలు తీశారు. ఒకరి మీద ఒకరు ఫిర్యాదులు పెట్టుకున్నారు. దాదాపు 5 వేల మంది పౌరులు కారని తేలి బానిసలుగా అమ్ముడుపోయారని ప్లూటార్క్ రాశాడు. ఆ అంకె మీద చరిత్రకారులకు అనుమానాలున్నాయి. కానీ కథ నడిచిన తీరు మీద మాకు ఏ అనుమానమూ లేదు. రేషన్ షాపు ముందు నిలబడ్డ ఎవరికైనా ఆ తీరు తెలుసు. గింజలు పంచే రోజునే పేర్లు గల్లంతవుతాయి.

ఇంకో సంగతి. పెరిక్లీస్ సహజీవనం చేసిన అస్పాసియాది మిలెటస్ అనే వేరే నగరం. ఆయన చట్టం ప్రకారమే ఆమెకు పుట్టిన కొడుకు పౌరుడు కాడు. క్రీ.పూ. 430లో మొదలైన మహమ్మారిలో పెరిక్లీస్ మిగతా ఇద్దరు కొడుకులూ చనిపోయారు. అప్పుడు ఆ పెద్దమనిషి సభ ముందు నిలబడి ఈ కొడుకును పౌరుడిగా రాసుకొమ్మని వేడుకున్నాడు. సభ జాలిపడి ఒప్పుకుంది. చట్టం చేసినవాడికి మినహాయింపు దొరికింది. అమ్ముడుపోయినవాళ్ల తరపున వేడుకోవడానికి పెరిక్లీస్ లేడు.

ఇప్పుడు మన దగ్గరికి రండి. 1955 పౌరసత్వ చట్టం ఏమంది? 1950 జనవరి 26 తర్వాత ఈ గడ్డ మీద పుట్టిన ప్రతివాడూ, ఏవో కొద్ది మినహాయింపులు తప్ప, భారత పౌరుడే. అమ్మ ఎవరు, నాన్న ఎవరు అని అడగలేదు. దేశ విభజన గాయం ఇంకా పచ్చిగా ఉన్న రోజుల్లో కూడా అడగలేదు. అది క్లెయిస్థెనీస్ మాట. 1986లో సవరణ వచ్చింది. 1987 జులై 1 నుంచి పుట్టినవాళ్లకు తల్లిదండ్రుల్లో ఒకరైనా పౌరులై ఉండాలి. 2003లో ఇంకో సవరణ, 2004 డిసెంబరు నుంచి అమలు. ఇద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై రెండోవారు అక్రమ వలసదారు కాకుండా ఉండాలి. అది పెరిక్లీస్ మాట. ఏథెన్స్‌కి 57 ఏళ్లు పట్టిన దారి మనం 49 ఏళ్లలో నడిచాం.

ఆ తర్వాత మనం ఏథెన్స్‌ను కూడా దాటిపోయాం. 2019 డిసెంబరులో వచ్చిన సవరణ మూడు పొరుగు దేశాల నుంచి 2014 ఆఖరులోపు వచ్చినవాళ్లలో ఆరు మతాలవారికి పౌరసత్వపు దారి తెరిచింది. ఆ వరసలో ఇస్లాం లేదు. 2024 మార్చిలో నియమాలు కూడా వచ్చాయి. 'ఇది ఎవరి పౌరసత్వాన్నీ తీసెయ్యదు కదా, మీకెందుకు బాధ?' అని అడుగుతున్నారు. బాధ తీసేసినందుకు కాదు. పౌరసత్వం అనే గుమ్మం మీద మొదటిసారి మతం పేరు రాసినందుకు. ఇంట్లో ఉన్నవాణ్ని బయటికి పొమ్మనలేదు, నిజమే. గుమ్మం మీద రాసింది మాత్రం ఇంట్లో ఉన్నవాడికి కూడా కనిపిస్తుంది.

* * *

నెత్తురు సంగతి సరే, ఊరి సంగతైనా అంత గట్టిదా? మా తాండూరు కథ వినండి.

1956 అక్టోబరు 31 రాత్రి మా తాతలు హైదరాబాద్ రాష్ట్రంలో, గుల్బర్గా జిల్లాలో, తాండూరు తాలూకాలో పడుకున్నారు. తెల్లారి నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో, హైదరాబాద్ జిల్లాలో లేచారు. గుల్బర్గా మైసూరు రాష్ట్రానికి పోయింది. మా తాండూరు, పక్కన కొడంగల్ ఇటు వచ్చాయి. కొడంగల్‌ని మహబూబ్‌నగర్‌లో కలిపారు. 1978లో రంగారెడ్డి జిల్లా అన్నారు. 2014లో తెలంగాణ రాష్ట్రం అన్నారు. 2016 దసరాకి వికారాబాద్ జిల్లా అన్నారు. దాదా కట్టిన ఇల్లు ఒక్క గజం కూడా కదల్లేదు. నాపరాయి గోడ, నాపరాయి అరుగు, అట్లాగే ఉన్నాయి. సరిహద్దులే మా ఇంటి మీదుగా అటూ ఇటూ నడిచిపోయాయి.

మా ఇంట్లో చుట్టాల్లో సగం మంది కాగ్నా నదికి ఇవతల, సగం మంది సేడం వైపు. రాష్ట్రాలు విడిపోయాయని పెళ్లిళ్లు ఆగలేదు. మా అబ్బా ఉర్దూలో మొదలుపెట్టి కన్నడంలోకి పోయి తెలుగులో ముగించేవాడు. హైదరాబాద్ పాతబస్తీ చుట్టం మా ఉర్దూ విని నవ్వుతాడు. నల్గొండ దోస్తు మా తెలుగు విని నవ్వుతాడు. మాకు మాత్రం ఈ మూడు భాషలూ ఒకే గొంతులోవి.

ఈ తాండూరులో రెండు ప్రసిద్ధం. ఒకటి నాపరాయి, రెండు కందులు. 2022లో తాండూరు కందులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ నేలలో, ఈ నీళ్లలో పుట్టింది కాబట్టి దానికి ఈ రుచి అని ప్రభుత్వం రాసిచ్చిన కాగితం అది. ఆ వార్త నేనే సంతోషంగా రాశాను. రాస్తుంటే నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది. కందిగింజకు పుట్టిన నేల చాలు. దాని తాత ఏ దేశపు విత్తనమో ఎవరూ అడగరు. అదే నేలలో పుట్టి, అదే పప్పు తిని, అదే రాయి కొట్టి బతికిన మనిషికి మాత్రం నేల చాలదు!

* * *

ఏథెన్స్‌కే మళ్లీ పోదాం. ఎందుకంటే అక్కడ మా మనిషి ఒకడున్నాడు. పేరు యూక్సితియస్.

క్రీ.పూ. 346లో ఏథెన్స్ ప్రభుత్వం పౌరుల జాబితాలన్నీ మళ్లీ తనిఖీ చెయ్యమంది. ప్రతి ఊరూ సభ పెట్టాలి. ఒక్కొక్క పేరూ చదవాలి. ఇతను మనవాడా కాదా అని ఓటు వెయ్యాలి. కాదని కొట్టేస్తే కోర్టుకు పోవచ్చు. కానీ కోర్టులో ఓడిపోతే ఆస్తి జప్తు, మనిషిని బానిసగా అమ్మేస్తారు. నోరు మూసుకుని పరాయివాడిగా బతుకుతావా, న్యాయం అడిగి బానిసత్వాన్ని పణంగా పెడతావా?

హలిమూస్ అనే ఊళ్లో యూక్సితియస్ పేరు కొట్టేశారు. అతను కోర్టుకు పోయాడు. అతని కోసం రాసిన ప్రసంగం డెమోస్థనీస్ ప్రసంగాల్లో 57వది. ఇప్పటికీ ఉంది. ఏమిటి అతని మీద నేరం? ఒకటి, తండ్రి యాస పరాయి యాసలా ఉంది. రెండు, తల్లి బజారులో రిబ్బన్లు అమ్మింది, ఒకప్పుడు వేరేవాళ్ల బిడ్డకు పాలిచ్చే దాదిగా పనిచేసింది. పౌర కుటుంబంలో ఆడది అట్లా చేస్తుందా? కాబట్టి పరాయివాళ్లే!

యూక్సితియస్ చెప్పుకున్న జవాబు ఇది. తండ్రి యుద్ధంలో పట్టుబడి, అమ్ముడుపోయి, ఏళ్ల తరబడి పరదేశంలో బతికి తిరిగొచ్చాడు, అందుకే యాస మారింది. తల్లి బీదరికం వల్ల ఆ పనులు చేసింది. బీదవాళ్లను చేసే పని చూసి పరాయివాళ్లంటారా? బజారులో పని చేసినందుకు పౌరుల్ని ఎత్తిపొడవకూడదని ఏథెన్స్ చట్టమే ఉంది కదా? ఇంకా చెప్పాడు. ఊరి సభను ఊళ్లో పెట్టకుండా దూరంగా నగరంలో పెట్టారు. పొద్దుపోయేదాకా సాగదీశారు. ముసలివాళ్లు ఇళ్లకు పోయారు. చీకటి పడ్డాక ముప్పై మంది కూడా మిగల్లేదు, లెక్కపెడితే అరవైకి పైగా ఓట్లు వచ్చాయి. సభ నడిపిన యూబులిడీస్ తండ్రి పెద్దరికం చేసిన రోజుల్లోనే ఊరి పాత రిజిస్టరు మాయమైంది.

చదువుతుంటే ఇది గ్రీకు కథలా లేదు. మా నానీ తాండూరు అంగట్లో గాజుల మలారం ముందేసుకుని కూచునేది. మా అబ్బా యాస ఇంతకుముందే చెప్పాను.

రిజిస్టరు సంగతి కూడా మాకు తెలుసు. ఒకసారి అబ్బా పేరు సరిచేయించడానికి ఒక ఆఫీసుకు పోయాను. ఒక కార్డులో మహ్మద్, ఒక దాంట్లో మొహమ్మద్, ఇంకో దాంట్లో ఎం.డి. ఉర్దూలో ఒక్కటే పేరు. దాన్ని తెలుగులో, ఇంగ్లీషులో రాసినవాళ్లు మేం కాదు. ఎవరి చెవికి ఎట్లా వినిపిస్తే అట్లా వాళ్లే రాశారు. కౌంటర్ వెనకాయన మూడూ చూసి "ఇందులో మీ నాన్న ఎవరు?" అన్నాడు. దాదా పేరు మీదున్న పాత ఉర్దూ కాగితం చూపించాను. "ఇది మాకు చదవరాదు, అనువాదం చేయించి, దాని మీద సంతకం పెట్టించి తీసుకురండి" అన్నాడు. ఒకప్పుడు ఇదే సర్కారు భాష. ఇదే సర్కారు ముద్ర. అనువాదం నేనే చెయ్యగలను, నా వృత్తే అది. కానీ నా సంతకం చెల్లదు. ఎవరి తండ్రి గురించో అతని సాక్ష్యం చెల్లకపోవడం న్యాయమే అంటారు. సరే. మరి రాసినవాడి తప్పుకు శిక్ష ఎవరికి?

ఇది ఒక పేరు, ఒక పూట సంగతి. దీన్ని లక్షలతో హెచ్చవేయండి. 2019 ఆగస్టు 31న అస్సాం పౌర పట్టికలో 19,06,657 మంది పేర్లు లేవు. వాళ్లలో హిందువులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. 2025లో బీహార్‌లో ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ జరిగితే ముసాయిదాలో సుమారు 65 లక్షల పేర్లు పోయాయి. చనిపోయినవాళ్లు, వలసపోయినవాళ్లు, రెండుచోట్ల ఉన్నవాళ్లు అన్నారు. ఉండొచ్చు. జాబితా శుభ్రంగా ఉండాలంటే ఎవరు కాదంటారు? కానీ రాయి కొట్టడానికి, ఇటుక బట్టీకి వలసపోయిన బీదవాడు ఊళ్లో లేనప్పుడు అతని పేరు చదివితే 'ఉన్నాను' అని ఎవరంటారు? హలిమూస్‌లో చీకటి పడ్డాక పేరు చదివినట్టు కాదా?

రుజువు చూపించాల్సిన బరువు ఎవరి నెత్తిన ఉంది? మొత్తం ప్రశ్న ఇదే. మనిషి పరాయివాడని సర్కారు రుజువు చెయ్యాలా, మనవాణ్నని మనిషి రుజువు చేసుకోవాలా? మొదటిది ప్రజాస్వామ్యం. రెండోది దాని గోరీ.

* * *

ఇక్కడ ఒకాయన లేచి అంటాడు. 'గ్రీకుల గొడవ మనకెందుకు? ప్రజాస్వామ్యానికి తల్లి మన దేశమే.' 2023లో జీ-20 సమావేశాలప్పుడు ప్రభుత్వమే ఈ మాట చాటింది. వైశాలి ఉందన్నారు, లిచ్ఛవులున్నారన్నారు.

ఉన్నారు. ఆ గర్వం మాకూ ఉంది. వజ్జి గణం తరచుగా కలుస్తూ, కలిసి నిర్ణయిస్తూ ఉన్నన్నాళ్లు చెడిపోదని బుద్ధుడన్నట్టు పాళీ గ్రంథాల్లో ఉంది. భిక్షు సంఘంలో తీర్మానం, కోరం, శలాకలతో ఓటు ఉండేవి. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేద్కర్ ఈ సంగతులన్నీ గుర్తుచేశాడు. గుర్తుచేసి ఊరుకోలేదు. ఒకసారి పోగొట్టుకున్నాం, రెండోసారి కూడా పోగొట్టుకుంటామా అని భయపడ్డాడు. మీరు ఆయన గర్వాన్ని తీసుకున్నారు, భయాన్ని వదిలేశారు.

పైగా వైశాలిలో ఎవరు కూచున్నారు సభలో? 7707 మంది రాజులని జాతక కథలు చెప్తాయి. అందరూ క్షత్రియ లిచ్ఛవులే. వాళ్ల పొలాలు దున్నిన దాసులు, కమ్మరి, కుమ్మరి ఆ లెక్కలో లేరు. ఏథెన్స్‌లో ఆడవాళ్లు, బానిసలు, పైనుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు లేనట్టే. పౌరుడంటే తీర్పులోనూ పాలనలోనూ పాలుపంచుకునేవాడని నిర్వచనం రాసిన అరిస్టాటిల్‌ది స్టాగిరా. ఏథెన్స్‌లో ఆయనకు ఓటు లేదు. అక్కడ పరదేశీ మగవాడు ఏడాదికి 12 ద్రాక్మాలు పన్ను కట్టాలి, పూచీ ఉండే ఒక పౌరుణ్ని చూపించాలి. మాకు కిరాయి ఇల్లు దొరకాలంటే ఇప్పటికీ ఒక హిందూ దోస్తు వచ్చి 'మంచోళ్లే' అని చెప్పాలి. ఆ దోస్తుకు షుక్రియా. కానీ దోస్తు పూచీ మీద బతికేవాడు పౌరుడు కాడు, పరదేశీ.

కాబట్టి తల్లి ఎవరన్నది తర్వాత. తల్లి ఇంట్లో ఏ బిడ్డకు అన్నం పెట్టలేదో ముందు చెప్పండి.

* * *

ఈ మాట పైవాళ్లకే చెప్పి తప్పించుకోను. మావాళ్ల వైపు కూడా తిరుగుతాను.

మన జల్సాల్లో ఒక తఖ్‌రీర్ ఖాయం. జమ్హూరియత్ నేర్పింది మదీనా అని. ముస్లింలనూ యూదులనూ ఒకే సమూహంగా, ఎవరి దీన్ వాళ్లదిగా రాసుకున్న మదీనా ఒడంబడిక గొప్పది. ఆ ఒప్పందం ఎక్కువ కాలం నిలవలేదన్నది కూడా చరిత్రే. ఖిలాఫత్ ఉమయ్యాల ఇంటి వారసత్వం అయ్యాక ఏమైంది? అరబ్బులు కాని ముస్లిం ఏదో ఒక అరబ్ తెగ పూచీ కింద 'మవాలీ'గా బతకాల్సి వచ్చింది. కల్మా చదివినా కొన్నిచోట్ల జిజియా తప్పలేదు. అది ఏథెన్స్ పరదేశీ బతుకే కదా? అల్లా ముందు అందరూ ఒకటే అన్న మతంలో నెత్తురు లెక్క ఎట్లా జొరబడింది?

నిజాం జమానా తలుచుకుని కళ్లు తుడుచుకునేవాళ్లూ ఉన్నారు మనలో. అప్పుడు మనం షహ్రీలం కాదు, రియాయా. పైగా జాగీర్దారు మనవాడు కాబట్టి రాజ్యం మనదనుకున్నాం. రాయి కొట్టిన షేక్‌కీ రాయి కొట్టిన మాదిగకీ ఆ రాజ్యంలో ఒకటే కూలి, ఒకటే వెట్టి. 'ఇమ్రోజ్' ఎడిటర్ షోయబుల్లా ఖాన్ జనం మాటే రాజ్యం కావాలని ఉర్దూలో రాశాడు. 1948 ఆగస్టు 22న రజాకార్లు ఆయన్ని చంపేశారు. ఉర్దూ జర్నలిస్టుగా నా వారసత్వం ఆయనది, చంపినవాళ్లది కాదు. ఆ తర్వాత నెల దాటకముందే పోలీస్ చర్య జరిగింది. దాని వెంట జరిగిన హత్యల్లో కనీసం 27 నుంచి 40 వేల మంది పోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఎక్కువ నష్టపోయిన నాలుగు జిల్లాల్లో గుల్బర్గా ఒకటి. ఆ నివేదిక చాలాకాలం జనం ముందుకు రాలేదు. రెండు నిజాలూ మావే. ఒకటి చెప్పి ఇంకోటి దాచం.

ఇవాళ మన మసీదు కమిటీలో ఆడవాళ్లెందరు? దూదేకులవాళ్లు, కసాయివాళ్లు, ఫకీర్లు ఎందరు? 'వాళ్లు అసలు ముస్లింలేనా?' అని మనలోనే అడిగేవాళ్లు లేరా? రైల్లో నన్నడిగిన ప్రశ్న అదే కదా, మనం మన దూదేకుల తమ్ముణ్నడిగేది! మన అంగట్లో మనం కూడా నెత్తురే తూస్తున్నాం. మన తరాజు సరిచేసుకోకుండా ఎదుటివాడి తరాజు పట్టుకునే హక్కు మనకు లేదు.

* * *

ఊరి లెక్క ఈ నేలకు కొత్తది కాదు. 1919 నాటి ముల్కీ ఫర్మానా ఏమంది? హైదరాబాద్ రాజ్యంలో పుట్టినవాడే కాదు, 15 ఏళ్లు స్థిరంగా ఉండి, తిరిగిపోనని రాసిచ్చినవాడు కూడా ముల్కీయే. ఉద్యోగాల కోసం పుట్టిన నియమమే, పౌరసత్వం కాదు. ఓటు మాట అందులో లేదు. అయినా దాని లోపల ఒక మంచి గింజ ఉంది. నువ్వెవరి కొడుకువని కాదు, ఎన్నాళ్లు ఈ నీళ్లు తాగావని అడిగింది. 1952లో, 1969లో ముల్కీ హక్కుల కోసం వీధుల్లోకొచ్చిన జనంలో ముస్లింలూ ఉన్నారు, హిందువులూ ఉన్నారు. అప్పుడు 'అసలు ఊరు' ఎవరూ అడగలేదు. తెలంగాణ కోసం జెండా పట్టినప్పుడూ అడగలేదు. లెక్కకు మనుషులు కావలసినప్పుడు మేం ఊరివాళ్లం. లెక్క రాసేటప్పుడు పరాయివాళ్లం.

అందుకే అంటున్నాను. ప్రజాస్వామ్యం ఎక్కడ పుట్టిందన్న పోటీ ఆపండి. ఏథెన్స్, వైశాలి, మదీనా మూడింటికీ ఒక వెలుగు ఉంది, ఒక చీకటి కోణం ఉంది. తలుపు తెరిచిన రోజున ప్రజాస్వామ్యం పుట్టింది. గుమ్మం దగ్గర నెత్తురు తూచడం మొదలుపెట్టిన రోజున చావడం మొదలుపెట్టింది. 212లో రోమ్ చక్రవర్తి కారకల్లా సామ్రాజ్యంలోని స్వేచ్ఛాజనులు దాదాపు అందరినీ పౌరులుగా ప్రకటించాడు. ఓటు లేని పౌరసత్వం అది. మన రాజ్యాంగం రెండూ కలిపి ఇచ్చింది. ఊరికి పౌరసత్వమూ, మనిషికి ఓటూ. ప్రాచీన ప్రపంచం ఎన్నడూ ఇవ్వలేనిది 1950లో ఈ దేశం ఇచ్చింది. మేం అడుగుతున్నది కొత్తదేమీ కాదు. ఇచ్చినదాన్ని తగ్గించొద్దు అంటున్నాం. దళితుడు, ఆదివాసి, సంచారజాతివాడు, వలసకూలీ, కాగితం లేని ఆడది, అందరూ మాతోపాటు అదే కౌంటర్ ముందు నిలబడి ఉన్నారు. ఇది మా ఒక్కరి వరస కాదు.

యూక్సితియస్ కేసులో తీర్పు ఏమైందో చరిత్రలో మిగల్లేదు. అతని ప్రసంగం మిగిలింది. మన కేసు ఇంకా నడుస్తోంది. కూచున్న జ్యూరీ మీరే.

రేపు మళ్లీ రైలెక్కుతాను. ఎవరో ఒకరు అడుగుతారు. నేను తాండూరు అంటాను. ఆ తర్వాత ఏమడగాలో, అడగకూడదో మీరు తేల్చుకోండి.